దేవుడికి మొదటి స్థానం ఇచ్చాను, మరి నా ఉద్యోగం ఏది అక్కా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ప్రకాశం జిల్లా. నాకు 31 ఏళ్లు. డీఎడ్ చేసి ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెప్తున్నాను, జీతం 11 వేలు. మావారిది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. 2024 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు (బుట్టలోంచి తీసుకునే బైబిలు వచనం చీటీ) "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు". ఆ తర్వాతే మెగా డీఎస్సీ పడింది. ఇది నాకోసమే అనుకున్నాను. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నాను. దశమభాగం, అంటే జీతంలో పదోవంతు కానుక, ఒక్క నెల తప్పలేదు. కూటాలకు వచ్చిన దైవజనుడు విత్తనం వేయకుండా పంట ఎలా కోస్తారు అని అడిగితే ఉంగరం కుదువ పెట్టి 20 వేలు విత్తన కానుక ఇచ్చాను. ఉద్యోగం వస్తే మొదటి జీతం మొత్తం దేవునికే అని మొక్కుకున్నాను. రెండు మార్కుల తేడాతో పోయింది. ఆదివారం గుడి మొహం చూడని మా తోడికోడలికి వచ్చింది. దైవజనుడికి ఫోన్ చేస్తే "నీ విశ్వాసంలో ఎక్కడో పగులు ఉందమ్మా" అన్నారు. మా అమ్మేమో నీకు దేవుడు కావాలా ఉద్యోగం కావాలా తేల్చుకో అంటోంది. ఐదు వారాలుగా గుడికి వెళ్లలేదు. మొదట ఆయన రాజ్యాన్ని వెదికితే అవన్నీ ఇస్తానన్న మత్తయి 6:33 నా విషయంలో ఎందుకు జరగలేదు? ఇంకా ఎంత చేస్తే ఆయనకు మొదటి స్థానం ఇచ్చినట్టు? ఇంకో సంగతి, తెలిసినాయన ఒకరు వచ్చే డీఎస్సీకి వినికిడి లోపం సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నారు, 60 వేలు అవుతుందట. మావారు ఇదే దేవుడు తెరిచిన ద్వారమేమో అంటున్నారు. ప్రార్థనలో పెట్టాను, మీరూ ప్రార్థించండి.

జవాబు: వందనాలు చెల్లీ. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి ఆ చివరి మూడు లైన్ల దగ్గర ఒళ్లు మండింది. ఆ మూడు లైన్ల సంగతి తర్వాత మాట్లాడదాం, తప్పించుకుంటావని మాత్రం అనుకోకు.

ముందు ఆ రెండు మార్కులు. నేను ముప్పై ఏళ్లకు పైగా మండల పరిషత్ స్కూళ్లలో పనిచేసి రిటైరైన దాన్ని, ఆ రెండు మార్కులు ఎంత బరువో నాకు తెలుసు. ముప్పై మార్కుల తేడాతో పోతే మనిషి రెండు రోజుల్లో లేచి అన్నం తింటాడు. రెండు మార్కులంటే నిద్రలో కూడా ఆ తప్పు పెట్టిన బిట్లే కనబడతాయి. కాబట్టి "దేవుడు నీకు ఇంతకంటే మంచిది దాచాడులే" అనే మాట నేను అనను. ఆ మాట నీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు, ఒక్కరి మాటకూ కడుపులో మంట చల్లారి ఉండదు.

మీ అమ్మగారి ప్రశ్న కూడా పక్కన పెట్టు. దేవుడు కావాలా ఉద్యోగం కావాలా అని పదకొండు వేల జీతం మీద బతికే పిల్లను అడగటం అన్యాయం. అదే మత్తయి ఆరో అధ్యాయంలో, 33వ వచనానికి ముందే 11వ వచనం ఉంది, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని. అన్నం అడగమని నేర్పింది ఆయనే. ఉద్యోగం అడిగినందుకు నువ్వు సిగ్గుపడక్కర్లేదు, మళ్లీ అడుగు, గట్టిగా అడుగు. నాకు అభ్యంతరం ఉన్నది నువ్వు అడగడం మీద కాదు. ఉపవాసం ఇంత, కానుక ఇంత, మొక్కుబడి ఇంత అని లెక్క రాసుకుని, చివర మొత్తం కొట్టి, ఇప్పుడు బిల్లు చేత్తో పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డావే, దాని మీద.

కోపం తెచ్చుకోకు. ఈ లెక్క నువ్వు కనిపెట్టింది కాదు, మేమందరం కలిసి నేర్పాం. అందులో నా వాటా కూడా ఉంది, చెప్తాను విను.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది మా గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు. కొత్త చీర కట్టుకుని మైకు ముందుకెళ్లి, పరీక్షకు ముందు మూడు రోజులు ఉపవాసం ఉన్నాననీ, నమ్మకంగా అడిగాననీ, ప్రభువు తన పిల్లల్ని సిగ్గుపడనియ్యడనీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నాలుగో వరసలో, గోడవైపు, నాతోపాటు అదే పరీక్ష రాసిన అమ్మాయి కూర్చుని ఉంది. ఇద్దరం ఒకే లాంతరు దగ్గర చదివాం. నాతోపాటే ఆ మూడు రోజులూ ఉపవాసం ఉంది. దానికి రాలేదు. నేను మాట్లాడినంతసేపూ అది పాటల పుస్తకం అట్ట మూలను గోరుతో గీకుతూ ఉంది, ఆ చప్పుడు నాకు వినబడలేదు గానీ ఆ గోరు కదలటం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. నా సాక్ష్యం ఆ పిల్లకు ఏం చెప్పినట్టు? నువ్వు ఆయన పిల్లవి కాదు అనేగా. తర్వాత అది వేరే ఊరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, గుడికి వెళ్తోందో లేదో కూడా నాకు తెలియదు. నేను దేవుణ్ణి మహిమపరిచాననుకుని ఇంటికెళ్లి పులిహోర తిన్నాను.

ఇప్పుడు నీ డీఎస్సీ లెక్కే చూద్దాం. పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవాళ్లు 3.3 లక్షల మందికి పైగా. అంటే ఇంచుమించు ఇరవై మందికి ఒక్క కుర్చీ. ఆ ఇరవై మందిలో శుక్రవారం ఉపవాసం ఉన్నవాళ్లున్నారు, కొండకు మెట్లెక్కిన వాళ్లున్నారు, దర్గాలో చాదర్ కప్పినవాళ్లున్నారు, ఏ దేవుణ్ణీ తలవకుండా రోజుకు పన్నెండు గంటలు చదివినవాళ్లున్నారు. ఇందులో ఎవరి ప్రార్థన గట్టిదో దాన్ని బట్టి ర్యాంకులు వేస్తే ఆయన దేవుడవడు, డీఎస్సీ కన్వీనర్ అవుతాడు.

నీ వాగ్దానం కార్డు సంగతి. ద్వితీయోపదేశకాండం 28 తెరిచి మొత్తం చదివావా? కార్డు మీద వేసింది 13వ వచనంలో ఒక ముక్క. అది ఒక జనాంగం మొత్తానికి చెప్పిన మాట, నా ఆజ్ఞలు గైకొంటే అని ముందే షరతు ఉంది. దీవెనలు 14వ వచనంతో అయిపోతాయి. 15 నుంచి 68 దాకా శాపాలు, యాభై నాలుగు వచనాలు. వాటిలో ఒక్కటైనా కార్డు మీద వేసిన ప్రెస్సువాణ్ణి నేను చూడలేదు. బుట్టలో చెయ్యి పెట్టి కార్డు తీసుకోవడం నాకూ సరదానే, కాదనను, పిల్లలు ఎగబడతారు. కానీ ఒకసారి మా ఆయన, చిలక జోస్యం వాడి దగ్గర చిలక తీసే చీటీకీ మీ బుట్టలో చీటీకీ తేడా ఏంటే అని అడిగితే నాకు కోపమైతే వచ్చింది గానీ జవాబు రాలేదు.

ఇక నువ్వు అడిగిన మత్తయి 6:33. "కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును." మనం దీన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటాం, నోటికి చెప్తాం, కానీ "అవన్నియు" అంటే ఏవన్నియు అని పైకి చూడం. పైన ఉన్నవి మూడే: ఏమి తిందుమో, ఏమి త్రాగుదుమో, ఏమి ధరించుకొందుమో. కొండ మీద కూర్చుని కూలి జనానికి చెప్పిన మాట అది, రేపటి రొట్టె గురించి బెంగపడే వాళ్లకు. గవర్నమెంటు ఉద్యోగం ఆ జాబితాలో లేదు, ఒంగోల్లో రెండు సెంట్ల స్థలమూ లేదు. ఉండకూడదని కాదు, ఆ మాట దాని గురించి చెప్పలేదు అంటున్నాను. చెప్పని మాటకు ఆయన్ని జవాబుదారీ చేసి, నిలబెట్టుకోలేదని అలుగుతున్నావు.

అందులో ఇంకో మాట ఉంది, దాన్ని మనం రోజూ మింగేస్తాం. రాజ్యమును, "నీతిని". మొదట వెదకమన్నది రెండు. మన సంఘాల్లో ఆ రెండో మాట మీద ప్రసంగం విని ఎన్నేళ్లయిందో నువ్వే గుర్తు చేసుకో. మొదటి స్థానం అనగానే మనకు గుర్తొచ్చేది మొదటి జీతం, మొదటి గంట, మొదటి బెంచీ. నీతి అనేసరికి అది వేరే డిపార్ట్‌మెంటు అన్నట్టు ఊరుకుంటాం. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

విత్తన కానుక గురించి నాకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. ఉంగరం కుదువ పెట్టించి తీసుకున్న ఇరవై వేలు ఏ పొలంలో వేశారో, పంట ఎవరి ఇంటికి వెళ్లిందో నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి ఆయన మలాకీ 3:10 చదివే ఉంటాడు, ఆకాశపు వాకిండ్లు విప్పటం గురించి. అదే అధ్యాయంలో ఐదో వచనం చదివాడా? కూలివాళ్లనూ విధవరాండ్రనూ తండ్రిలేని వాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్షిగా వస్తానంటాడు దేవుడు. పదో వచనంలో కూడా, "నా మందిరములో ఆహారముండునట్లు" అనే మాట ముందు వస్తుంది. ఆ ఆహారం ఎవరికి? ద్వితీయోపదేశకాండం 14 చివర చూడు, మూడేళ్లకోసారి ఆ పదోవంతు ఊళ్లోనే ఉంచాలి, లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తృప్తిగా తినాలి. దశమభాగం వెనకున్న ఆలోచన అది. ఆకలి తీర్చే ఏర్పాటును మనం లాటరీ టికెట్ చేసుకున్నాం.

నేను దీన్ని వేదాంత కళాశాలలో నేర్చుకోలేదు. మా నాయనమ్మ దగ్గర ఒక డాల్డా డబ్బా ఉండేది, పసుపు రంగు పోయి తుప్పు కనబడేది. ఎసట్లో బియ్యం పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఇవాళ ఎంత కొలిచింది, అవేం చూసేది కాదు. ముందు ఆ పిడికెడు, తర్వాత ఎసరు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది, అక్కణ్ణుంచి ఆ బియ్యం పేట చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వకు వెళ్లేవి. ఎండాకాలం ఒకరోజు పుల్లైసు బండి వచ్చింది. బియ్యం ఇస్తే ఐసు ఇచ్చేవాడు. నేను ఆ డబ్బాలోంచి గ్లాసుడు తీసుకెళ్లి రెండు పుల్లైసులు తెచ్చుకుని, ఒకటి తమ్ముడికిచ్చి ఒకటి నేను తిన్నాను. నాయనమ్మకు తెలిసింది, నాలుక ఎర్రగా ఉంటే తెలియదా మరి. దేవుడి బియ్యం తిన్నాను, కళ్లు పోతాయి అని నేను వణికిపోతుంటే ఆమె ఒకటే అంది, "దేవుడికి ఆకలెయ్యదే, అవ్వకేస్తది." ఆ రాత్రి తన కంచంలో అన్నం సగం తీసి నాచేతే అవ్వకు పంపింది. కొట్టలేదు, తిట్టలేదు, చీకట్లో పేట చివరిదాకా ఆ గిన్నె పట్టుకుని నడవటమే నాకు శిక్ష.

ఆ పిడికెడుకు బదులు ఆమెకు ఏమొచ్చింది అని నువ్వు అడుగుతావేమో. ఏమీ రాలేదు. చివరిదాకా పూరింట్లోనే ఉంది.

మన జిల్లా కథ ఒకటి చెప్తాను, నీకు తెలిసే ఉంటుంది గానీ ఈ వైపు నుంచి చూసి ఉండవు. ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. ఒంగోలు చుట్టూ జనం ఆకలితో రాలిపోయారు. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, సర్వే పని తెలిసినవాడు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని చూపించాడు. బోధకులు కాలువ గట్టున జనంతోనే ఉండేవాళ్లు. జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఇక్కడ చూడు, ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వనన్నాడు. చేతిలో కూలి డబ్బులూ సహాయం డబ్బులూ ఉన్నంతకాలం ఇవ్వనన్నాడు, ఎందుకంటే ఎవరు దేవుడి కోసం వస్తున్నారో ఎవరు గంజి కోసం వస్తున్నారో ఆయన తేల్చలేడు. ఈనాటి కూటాల్లో ఒక్క ఆదివారం ఆగమంటే ఆగుతారా? కరువు డబ్బు అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు ఇళ్లకు వెళ్లండి అని చెప్పడానికి గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి పిలిపించాడు. వాళ్లు వెళ్లలేదు. మాకు డబ్బు వద్దు, మా అరచేతుల బొబ్బలు చూడండి, కష్టపడి బతికాం, ఇకముందూ అంతే, వచ్చే పంట పోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారు. 1878 జూలై 3న ఆ ఏట్లో ఒక్క రోజున 2,222 మందికి మన తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున దిగి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు. వాళ్లకు ఏ ఆశలూ లేవని నేననను, మనిషిగా తలెత్తుకోవాలనీ పిల్లలు చదువుకోవాలనీ ఉండే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ తిండి కోసం మతంలో కలిశారు, పాలడబ్బా కోసం కలిశారు అని మనల్ని ఇవాళ్టికీ ఎత్తిపొడుస్తారే, ఆ మాటకు ఇంతకంటే గట్టి జవాబు మనకింకోటి లేదు. సహాయం ఆగిపోయాక వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల మునిమనవలం మనం రిజల్ట్ రాకపోతే ఐదు వారాలు గుడి మానేస్తున్నాం. (నేనూ మానేశాను ఒకప్పుడు, కారణం వేరు. నిన్ను ఒక్కదాన్నే అనటం లేదు.)

"నీ విశ్వాసంలో పగులు" అన్న దైవజనుడికి యోబు గ్రంథం చదువుకోమని చెప్పాలనుంది. యోబు స్నేహితులు ముగ్గురూ అన్నది అచ్చం అదే, నీలో ఏదో ఉంది, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అని. ఆఖరి అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. అసలు ఆ పుస్తకమంతా లేచింది మొదటి అధ్యాయంలో సాతాను వేసిన ఒక్క ప్రశ్న మీద: యోబు "ఊరకయే" దేవునియందు భయభక్తులు కలవాడా అని. ఆ "ఊరకయే" అన్న మాట దగ్గర కాసేపు ఆగు. ఏమీ రాకపోయినా నువ్వు ఆయనతో ఉంటావా? ఈ ప్రశ్న నిన్ను ఏడిపించడానికి అడగటం లేదు. నాకూ దీనికి అన్ని రోజులూ ఒకే జవాబు ఉండదు. యోహాను ఆరులో ఐదువేల మంది రొట్టెలు తిని మర్నాడు పడవలెక్కి వెతుక్కుంటూ వస్తే, మీరు వచ్చింది రొట్టెల కోసం అని ఆయన మొహం మీదే అన్నాడు. చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయారు. మీరూ వెళ్లిపోతారా అంటే పేతురు నోట ముందు వచ్చింది గొప్ప మాటేం కాదు, ఎవరి దగ్గరకు వెళ్తాం ప్రభువా అన్నాడు. నాకు ఆ జవాబు చాలా ఇష్టం. అందులో లాభం లెక్క లేదు, ఇంకో ఇల్లు లేనివాడి మాట అది.

సరే, ఇప్పుడు ఆ మూడు లైన్లు.

వినికిడి లోపం సర్టిఫికెట్. అరవై వేలు. ప్రార్థనలో పెట్టావు. నన్నూ ప్రార్థించమన్నావు.

నేను ప్రార్థించను. దీనికి ప్రార్థన ఎందుకు చెల్లీ? నీకు చెవులు బాగానే వినిపిస్తున్నాయి, దేవుడికి అది తెలుసు. మీ ఆయన దేవుడు తెరిచిన ద్వారమేమో అన్నాడట. దేవుడు తెరిచిన ద్వారమైతే అరవై వేలు ఎవరికి కడుతున్నట్టు? అది ద్వారం కాదు, దొడ్డిదారి. చట్టం సంగతి కూడా విను, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం దొంగ పత్రంతో ఆ కోటా వాడుకుంటే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చెవికి బెరా పరీక్ష (వినికిడిని యంత్రంతో కొలిచేది) మళ్లీ చేయిస్తే బండారం బయటపడుతుంది. అయినా నేను భయపెట్టి ఆపాలనుకోవటం లేదు. నిజంగా చెవులు వినపడని ఒక పిల్ల మీ జిల్లాలోనే ఎక్కడో ఉంది, పెదవుల కదలిక చూసి పాఠాలు నేర్చుకుని, చెవికి మిషను పెట్టుకుని డీఎడ్ చేసి, ఆ ఒక్క పోస్టు కోసం చదువుతోంది. నువ్వు తీసుకునేది ఆ పిల్ల కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని మొదటి జీతం మొత్తం కవర్లో పెట్టి కానుకల పెట్టెలో వేస్తావా?

నీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడ ఉంది. ఇంకా ఎంత చేస్తే మొదటి స్థానం ఇచ్చినట్టు అని అడిగావు. ఇంతకాలం నువ్వు ఇచ్చినవన్నీ నిజంగా ఇచ్చావు, కష్టపడి ఇచ్చావు, నేను చిన్నచూపు చూడను. కానీ అందులో ఏదీ ఉద్యోగానికీ దేవుడికీ మధ్య నిన్ను నిలబెట్టలేదు. ఉపవాసం ఉద్యోగం కోసం, కానుక ఉద్యోగం కోసం, మొక్కు ఉద్యోగం కోసం. రెండూ ఒకే వైపు ఉన్నాయి. ఇప్పుడు ఈ సర్టిఫికెట్ దగ్గర మొదటిసారి ఉద్యోగం ఒక వైపు, నీతి ఒక వైపు నిలబడ్డాయి. ఎవరూ చూడరు, సంఘంలో ఎవరికీ తెలియదు, తిరస్కరిస్తే సాక్ష్యం చెప్పడానికి కూడా ఏమీ ఉండదు. మైకు ముందుకెళ్లి నేను ఫలానా దొంగ కాగితం తెచ్చుకోలేదు స్తోత్రం అంటే జనం నవ్వుతారు. మొదటి స్థానం అనేది ఇలాంటి చోటే తేలుతుంది. ఐదు వారాలుగా గుడికి వెళ్లని నువ్వు రేపు ఆ సర్టిఫికెట్ ఆయనకు ఫోన్ చేసి వద్దండీ అంటే, నలభై శుక్రవారాల ఉపవాసం కంటే అది ఎక్కువ అని నా నమ్మకం.

మిగతావి గబగబా చెప్తాను.

మొక్కుబడి: ఉద్యోగం వస్తే మొదటి జీతం అన్నావు, రాలేదు, బాకీ లేదు. వదిలెయ్. ఈసారి "వస్తే" అనే మొక్కులు మొక్కకు.

ఉంగరం: గడువు తేదీ ఇవాళే చూసుకో, వడ్డీ పేరుకుని వేలానికి పోతే మరీ బాధ. అది విడిపించేదాకా కానుక తగ్గించినా దేవుడేం అలగడు. మనకు ఉన్నదాన్ని బట్టి ఇస్తే చాలు, లేనిదాన్ని బట్టి అక్కర్లేదని పౌలే రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో రాశాడు. మీ పాస్టరు అయ్యగారు ఏమైనా అంటే ఆ అధ్యాయం చూపించు. కూటాలకు వచ్చినాయనకు మాత్రం ఫోన్ చేయకు, మళ్లీ ఇంకో విత్తనం అడుగుతాడు.

తోడికోడలు: వెళ్లి అభినందించు, ఉత్తచేతులతో కాదు, పావుకిలో స్వీటు తీసుకుని. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని అంటాడే, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని, ఆ కడుపుమంట మందిరంలో కూర్చుంటే పోదు, వాళ్లింట్లో టీ తాగితే కొంచెం తగ్గుతుంది. పైగా ఆమె ఎలా చదివిందో అడుగు, నోట్సు ఇస్తే తీసుకో. సిగ్గెందుకు.

పరీక్ష: నీ టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులు ఎంతో రాయలేదు. 150కి వచ్చిన మార్కుల్ని డీఎస్సీలో 20కి కుదిస్తారు కదా, అంటే టెట్‌లో ఏడున్నర పెరిగితే ఇక్కడ ఒక మార్కు. నువ్వు పోగొట్టుకున్న రెండు మార్కులు టెట్‌లో పదిహేను. టెట్ మళ్లీ రాయొచ్చు, ఎక్కువ వచ్చినవే తీసుకుంటారు. ఆ అరవై వేలు ఎక్కడో అప్పు చేద్దామనుకున్నారుగా, అందులో పదోవంతు పెట్టినా మంచి టెస్టు సిరీసు, పుస్తకాలు వస్తాయి. శుక్రవారం ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండు, కానీ నీరసంతో చదువు మానేసి కాదు.

ఆదివారం వెళ్లు. ముందు బెంచీ అక్కర్లేదు, వెనక గోడవైపు కూర్చో. పాడాలనిపించకపోతే పాడకు. ప్రార్థనకు మాటలు రాకపోతే పేతురు మాటే అను, ఎవరి దగ్గరకు వెళ్లను అని. ఎవరైనా సాక్ష్యం చెప్తుంటే, కొత్త చీర కట్టుకుని నాలాంటిది ఎవరైనా మైకు ముందు ఉంటే, పక్కకు తిరిగి చూడు, పాటల పుస్తకం గీకుతూ ఇంకో అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఆరాధన అయ్యాక ఆ పిల్లతో కలిసి బయటికి నడువు.

సర్టిఫికెట్ ఆయనకు వద్దని చెప్పిన రోజు నాకొక మెసేజ్ పెట్టు. ఉంగరం చేతికొచ్చిన రోజు ఇంకోటి.